గురువు ముందా, గుంపు మధ్యనా?

ముంబై తెలుగు చాళ్ళలో సంగీతం నేర్చుకోవాలంటే చాలాకాలం ఒకటే దారి ఉండేది. భజనలో వెనక వరుసలో కూర్చుని తాళాలు పట్టుకోవాలి. చెయ్యి కుదిరాక ఢోలక్ అందుతుంది. హార్మోనియం వాయించే పెద్దాయన ఊరికి వెళ్ళిన వారం ఆ పెట్టె ముందు కూర్చునే అవకాశమూ వస్తుంది. ఇప్పుడు దాని పక్కనే రెండో దారి పడింది: నెలకింత అని ఫీజు తీసుకుని, ఒక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పే మాస్టారు. పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులతో పాటు, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక తామే వెళ్దామా అనుకునేవాళ్ళూ ఈ లెక్క వేస్తున్నారు. ఆ డబ్బు ఎక్కడ గిట్టుబాటవుతుంది, ఎక్కడ కాదు అన్నది తూచి చూడాల్సిన విషయమే.

తూచే ముందు నేల చూసుకోవాలి. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి కట్టుబడి పనులకు వచ్చి, 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ స్థిరపడ్డ కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది. వాళ్ళ తర్వాత మిల్లుల పిలుపు మీద వచ్చిన పద్మశాలీలు పరేల్, వర్లీ వైపు చేరారు. 1920ల్లో కట్టిన బీడీడీ చాళ్ళలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, పిల్లల చదువు, రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్ళ పగటి నిద్ర. ఏ గదిలో స్వరం ఎత్తినా గ్యాలరీ అంతా వినిపిస్తుంది. ప్రైవేటు పాఠం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఇక్కడి జవాబు, ఖాళీ గది ఉన్న ఇంటి జవాబు ఒకటి కావు.

ముందు మాస్టారి పక్షం. భజన మండలిలో తప్పు దొరకదు. ఇరవై గొంతుల మధ్య ఒక గొంతు శ్రుతి తప్పితే పక్క గొంతులు దాన్ని కప్పేస్తాయి. కొత్తవాడికి అది ధైర్యమే, కానీ ఏళ్ళు గడిచినా తన స్వరం ఎక్కడ జారుతోందో అతనికి తెలియదు. హార్మోనియం మీద రెండు వేళ్ళతోనే నెట్టుకొచ్చే అలవాటు, తబలా మీద మణికట్టు బిగబట్టి కొట్టే అలవాటు ఒకసారి పడ్డాయంటే వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళదీ ఇదే ఇబ్బంది. ఆ వీడియోలోని మాస్టారు మనకు వినిపిస్తాడు, మనం ఆయనకు వినిపించం. ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం మొదటి వారంలోనే ఆపి, 'మళ్ళీ' అంటాడు.

రెండోది శ్రుతి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎందరో చదువు మానేయడానికి కారణం ఇదే. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల దగ్గర పాడతారు. హిందుస్తానీ వాళ్ళ లెక్కలో ఆ ఒకటిన్నరే కాళీ ఏక్. ఆడవాళ్ళ గొంతు నాలుగు, అయిదు, అయిదున్నర దగ్గర హాయిగా పలుకుతుంది. భజనలో పెట్టె ఎవరి చేతిలో ఉంటే శ్రుతి వాళ్ళది. మిగతావాళ్ళు అయితే అరవాలి, లేదంటే గొణగాలి. పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య గొంతు మారే అబ్బాయిల అవస్థ మరీ ఎక్కువ. తనకు పాట రాదనుకుని మానేసిన మనిషికి నిజానికి రానిది ఆ శ్రుతి మాత్రమే కావచ్చు. ఎవరి గొంతుకు వాళ్ళ షడ్జమం వెతికి పెట్టడం ఒంటరి పాఠంలో ఒక్క పూట పని.

మూడోది మొహమాటం. నలభై అయిదేళ్ళ దర్జీ ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని సరళీ స్వరాలు పాడమంటే రెండో వారం రాడు. 'ఈ వయసుల నాకేం పాటలు బిడ్డా' అనే అమ్మమ్మ కూడా తలుపు వేసిన గదిలో అయితే గొంతు విప్పుతుంది. కామాఠీపురాలో దీనికి ఇంకో ముడి ఉంది. రెడ్‌లైట్ ప్రాంతమని ఈ పేటకు పడ్డ పేరు వల్ల చిరునామా చెప్పగానే వెనక్కి తగ్గేవాళ్ళుంటారు. సాయంత్రం ఆడపిల్లను దూరం పంపడానికి తల్లి జంకుతుంది. ఇంటికి వచ్చి నేర్పే మనిషి దొరికితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇక అవతలి తట్ట. ఫీజు మాట అందరికీ తెలిసిందే కాబట్టి దాని దగ్గర ఆగను. అంతకంటే బరువైంది, ప్రైవేటుగా సంగీతం చెప్పడానికి ఎవరి అనుమతీ, ఏ అర్హతా అక్కర్లేదన్నది. శిష్యుడు జారిపోతాడని మొదటి నెలలోనే సినిమా పాట చేతికిచ్చేవాళ్ళున్నారు. సరళీ, జంట, దాటు స్వరాలంటూ ఏడాది దాటినా ఒక్క గీతం దాకా రానివ్వనివాళ్ళూ ఉన్నారు. నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకో విద్యార్థి ఉండడు. గాంధర్వ మహావిద్యాలయ మండలం ప్రారంభిక్ నుంచి విశారద్ వరకూ పెట్టే పరీక్షలు ఆ లోటు కొంత తీరుస్తాయి. అయితే పరీక్షకు కావలసిన రాగాలే నేర్చుకుని, పరీక్ష అయ్యాక మరిచిపోయే పిల్లలూ వాటి వల్లే తయారవుతారు.

ఒంటరి పాఠంలో దొరకనిది లయ. మెట్రోనోమ్ పెట్టుకుని తాళం నేర్చుకోవచ్చు. కానీ పాడేవాడు ఊపిరి కోసం ఆగినప్పుడు ఢోలక్‌ను ఎంత నిలబెట్టాలో, అందరూ పల్లవి అందుకునే వేళ తన గొంతు ఎంత తగ్గించాలో మనుషుల మధ్యనే తెలుస్తుంది. బతుకమ్మ చుట్టూ ముప్ఫై ఏళ్ళు చప్పట్లు కొడుతూ తిరిగిన ఆడమనిషికి ఏ మాస్టారూ నేర్పని లయ ఒంట్లోనే ఉంటుంది. ఆమెను కొత్త విద్యార్థి కదా అని ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టించే మాస్టారు ఆమె చేతిలోని చిల్లర చూడకుండా అప్పు ఇస్తున్నట్టే.

పైగా గురువు ముందు ఒంటరిగా కూర్చోవడం చుట్టూ మనం కట్టుకున్న గౌరవానికి ఇంకో ముఖం కూడా ఉంది. విద్యను కుటుంబంలోనే దాచుకున్న ఘరానాల కాలంలో గురువు దొరకడమంటే ఆయన దయ దొరకడమే. దానికి విరుగుడుగానే విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం తెరిచి, 1908లో బొంబాయికి తెచ్చారు. ఇక్కడే వాల్కేశ్వర్‌లో పుట్టిన భాత్‌ఖండే ఉస్తాదుల దగ్గర విన్న బందిష్‌లను స్వరలిపిలో రాసి పుస్తకాలుగా అచ్చు వేశారు. ఫీజు కట్టిన ఎవరైనా బల్ల మీద కూర్చుని నేర్చుకోవచ్చన్న మాట అప్పట్లో చిన్నదేమీ కాదు.

ఆ బడులు అందరికీ తలుపు తెరిచాయి గానీ అందరినీ గాయకులను చేయలేదు. అసలు రాణించినవాళ్ళ కథల్లో రెండు దారులూ కలిసే కనిపిస్తాయి. పలుస్కర్ శిష్యుడు బి.ఆర్. దేవధర్ ఒపేరా హౌస్ దగ్గర నడిపిన సంగీత పాఠశాలకు కుమార గంధర్వ పదేళ్ళు దాటిన వయసులో వచ్చారు. అక్కడ దేవధర్ శ్రద్ధ ఆయనకు విడిగా దొరికింది, పాఠశాలకు వచ్చిపోయే పెద్ద విద్వాంసుల సంగీతం వినే వీలూ దొరికింది. మన ఘంటసాల విజయనగరం సంగీత కళాశాల కోసం ఊరు విడిచి వెళితే, ఆదరించి ఇంట్లో ఉచితంగా పాఠం చెప్పింది పట్రాయని సీతారామశాస్త్రి. కడుపు నింపింది మధుకరం, అంటే ఊరి ఇళ్ళే. కొండపల్లిలో పుట్టిన రమేష్ నాయుడు చిన్నప్పుడే బొంబాయికి పారిపోయి వచ్చి వాద్యాల దుకాణంలో పనిచేస్తూ సంగీతం వంటబట్టించుకున్నారని చెబుతారు. ఆయనే తర్వాత 'మేఘసందేశం' సంగీతానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. దుకాణానికి వచ్చే ప్రతి వాద్యకారుడూ అలాంటి పిల్లవాడికి ఒక ముక్క నేర్పి పోతాడు. అయితే రమేష్ నాయుళ్ళు ఎందరుంటారు? దుకాణంలో పనిచేసి సంగీతం రాని కుర్రాళ్ళ లెక్క ఎవరూ రాయరు. అసాధారణమైనవాళ్ళను చూపించి మామూలువాళ్ళకు దారి చెప్పడంలో ఈ మోసం ఎప్పుడూ ఉంటుంది.

వయసు విషయంలోనూ రెండు వైపులా అతిశయోక్తి వినిపిస్తుంది. అయిదేళ్ళకే మొదలుపెట్టకపోతే ఇక అంతేనని కొందరు, వయసు అసలు అడ్డే కాదని కొందరు. ఏ ఆధారమూ లేకుండా ఒక ధ్వని విని దాని పేరు చెప్పగలిగే శక్తి దాదాపు ఎప్పుడూ పసితనంలోనే పడుతుంది, నిజమే. కానీ మన సంగీతానికి ఆ శక్తితో పని తక్కువ. షడ్జమం ఒకటి పెట్టుకుని దాని నుంచి మిగతా స్వరాల దూరాన్ని పోల్చుకోవడం మీదే అది నిలబడింది, ఆ చెవిని ఏ వయసులోనైనా సాధన చేసుకోవచ్చు. వేళ్ళ వేగం, గొంతు సాగే మేర మాత్రం చిన్నవాళ్ళవే. పెద్దవాళ్ళకు అడగడం తెలుసు, తమకేం కావాలో తెలుసు. కచేరీ చేయాలా, పూజలో నాలుగు కీర్తనలు శ్రుతిగా పాడుకుంటే చాలా అన్న ప్రశ్నకు పిల్లవాడు జవాబు చెప్పలేడు, తాత చెప్పగలడు. కాబట్టి ఒంటరి పాఠం పెద్దవాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది. పిల్లలకు తోటి పిల్లలు కావాలి.

మన పిల్లలకు కలిసొచ్చేది ఇంకొకటుంది. షణ్ముఖానంద సభ 1952లో పుట్టినప్పటి నుంచీ, అంతకు ముందూ, మాతుంగా, సయాన్ వైపు కర్ణాటక సంగీతం ఎక్కువగా తమిళుల ఇళ్ళలో పెరిగింది. అక్కడి పిల్లలు త్యాగరాజ కీర్తనలను తమ లిపిలో రాసుకుని, అర్థం అడిగి తెలుసుకుని పాడతారు. కామాఠీపురా పిల్ల మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నా, ఇంట్లో తెలుగు వింటూ పెరిగింది. స్వరం మాస్టారు దిద్దితే మాట నానమ్మ దిద్దుతుంది. పాఠం పుస్తకాన్ని ఇంటికి తెచ్చి నానమ్మకు వినిపించే పిల్లకు ఒక్క ఫీజుతో ఇద్దరు గురువులు.

రెండు తట్టలూ చూశాక నాకు తోచింది ఇది. ప్రైవేటు పాఠంలో మనం కొనేది సంగీతం కాదు, మన తప్పు వినగల ఒక చెవిని. ఆ చెవి అవసరం మొదట్లో చాలా ఉంటుంది, తర్వాత అప్పుడప్పుడూ ఉంటుంది, వారం వారం జీవితాంతం ఉండదు. కామాఠీపురాకు నడిచి వెళ్ళేంత దూరంలోని భేండీ బజార్ పేరున్న ఘరానాలో మేరుఖండ్ అనే సాధన ఉంది. నాలుగు స్వరాలు ఇస్తే వాటిని 24 వరసల్లో తిప్పవచ్చు, ఏడు స్వరాలైతే 5,040. అప్పగించడానికి గురువుకు పది నిమిషాలు చాలు. పలికించడానికి శిష్యుడికి నెలలు కావాలి. సరళీ స్వరాలను మూడు కాలాల్లో పాడటమూ అంతే. పాఠానికీ సాధనకూ మధ్య ఉన్న ఈ నిష్పత్తిని పట్టించుకోకుండా వారానికి ఇంకో గంట పాఠం పెంచితే, ఫీజు పెరుగుతుంది గానీ పాట పెరగదు.

అందుకే మొదలుపెట్టేవాళ్ళు తొలి ఏడాది మాస్టారి దగ్గర కూర్చోవడం మంచిది. శ్రుతి, కూర్చునే తీరు, చేతి వాటం కుదిరేదాకా ఆ ఖర్చు దండగ కాదు. అదే ఏడాది మండలిలోనూ కూర్చోవాలి, వెనక వరుసలోనైనా సరే. ఆ తర్వాత మాస్టారిని నెలకోసారి కలిసి తప్పులు చూపించుకుంటే చాలామందికి సరిపోతుంది. కచేరీ స్థాయికి వెళ్ళదలచిన కొద్దిమంది లెక్క వేరు, వాళ్ళకు గురువు ఏళ్ళ తరబడి కావాలి. అంత స్తోమత లేనివాళ్ళు ఒక్కటే ఎంచుకోవాలంటే పిల్లలకు మండలి, పెద్దలకు కొన్నాళ్ళ పాఠం అంటాను.

ఈ తూకం స్థిరంగా ఉండదన్న హెచ్చరిక మాత్రం చెప్పాలి. వర్లీ బీడీడీ చాళ్ళ స్థానంలో లేచిన భవనాల్లో 2025 ఆగస్టులో మొదటి కుటుంబాలు 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళాలు అందుకున్నాయి. కామాఠీపురా పునర్నిర్మాణానికీ ప్రణాళికలు నడుస్తున్నాయి. తలుపు మూసుకుని సాధన చేసుకునే గది దొరకడం నిజమైన లాభం. గ్యాలరీ పోవడం వల్ల పిలవకుండానే వచ్చి చేరే శ్రోతలూ, మండలీ చెదిరిపోవడం అంతే నిజమైన నష్టం. సొసైటీ సమావేశాల్లో పార్కింగ్ గురించి అడిగినంత గట్టిగా భజనకు ఒక హాలు అడగకపోతే, రేపటి పిల్లలకు మిగిలేది ఫీజు దారి ఒక్కటే.

ఇప్పుడు చేరదలచినవాళ్ళు మాస్టారిని వెతకడానికి ముందు ఒక ప్రశ్నకు జవాబు చూసుకోవాలి: రోజూ అరగంట ఎక్కడ కూర్చుంటారు? మిద్దె మీదా, గుడి హాల్లోనా, ఇంట్లో అందరూ లేవకముందా? ఆ చోటూ ఆ వేళా దొరికితే మామూలు మాస్టారైనా పనికొస్తాడు. అవి దొరకనప్పుడు ఎంత పెద్ద విద్వాంసుడికి ఫీజు కట్టినా, వారం వారం పాత పాఠాన్నే కొత్తగా కొనుక్కుంటాం.