నల్లతెర మన తలరాత కాదు

పాత కంప్యూటర్ని చూసి "ఇది స్క్రాప్" అనే పెద్దమనుషులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. బడి మూలన పడేసిన డబ్బాకి మేం లినక్స్ ఎక్కిస్తుంటే చేతులు కట్టుకుని చూస్తారు. తెర నల్లబడగానే నవ్వుతారు. "చెప్పలా? ఊరికే వచ్చింది ఊరికే పోద్ది" అంటారు. ఆ నవ్వు దగ్గరే మనవాళ్లు సగం మంది ఆగిపోతన్నారు. "మనకి రాదులే" అనుకుని డబ్బాని మళ్లీ మూలకి నెట్టి ఇంటికి పోతన్నారు. అందుకే ఆ నవ్వుకి జవాబు చెప్పాల్సి వచ్చింది.

అసలు ఆ డబ్బా చచ్చిందని తేల్చిందెవరు?

మైక్రోసాఫ్ట్ 2021లో విండోస్ 11 తెచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంది. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరమో, ఆ పైదో కావాలంది. అంటే 2017కి ముందు కొన్నవి బయటికే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. ఆపైన ఇచ్చిన ఏడాది పొడిగింపుకి షరతులు పెట్టింది. ఆ రోజు పొద్దున పనిచేసిన యంత్రం సాయంత్రానికి పాడైందా? మదర్‌బోర్డు పగిలిందా? ఏమీ కాలేదు. ఎక్కడో కూర్చుని కంపెనీ తేదీ వేసింది. ఇక్కడ మనోళ్లు రిజిస్టర్లో "పనికిరానిది" అని రాసుకున్నారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అట్లా పుట్టింది కాదు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ పని ప్రకటించాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి లినక్స్ కెర్నెల్ బయటపెట్టాడు. 1993లో డెబియన్ మొదలైంది. వాడుకోవడం, లోపలి రాత చదవడం, మార్చుకోవడం, పక్కవాడికి పంచడం: ఈ నాలుగూ లైసెన్సులోనే రాసిన హక్కులు. డబ్బు పెట్టకపోవడం అనేది వాటి వెనక వచ్చే లాభం మాత్రమే. కాబట్టి దీన్ని ధర్మానికి వేసిన పాత బట్టలాగా చూడొద్దు.

మరి తెర నల్లబడడం నిజమే గదా? నిజమే. ఎందుకో తెలుసుకుందాం. కంప్యూటర్ లేచేటప్పుడు కెర్నెల్ గ్రాఫిక్స్ చిప్పుతో మాట్లాడి తెర కొలత, వేగం తనే నిర్ణయిస్తుంది. దానికి డ్రైవర్ కావాలి. కొన్ని చిప్పులకి ఫర్మ్‌వేర్ అనే కంపెనీ ఫైలు కూడా కావాలి. చిప్పు లోగుట్టు కంపెనీ చెప్పకపోతే డ్రైవర్ రాసేవాడు చీకట్లో తడుముకోవాల్సిందే. ఇంటెల్ తన డ్రైవర్లు తనే బహిరంగంగా రాసింది. ఏఎండీ 2007 నుంచి పత్రాలు బయటపెట్టింది. ఎన్‌విడియా మాత్రం ఏళ్ల తరబడి తలుపు మూసుకుని కూర్చుంది. దాని చిప్పుల నడకని బయటి నుంచి గమనించి గమనించి నువో అనే డ్రైవర్ని స్వచ్ఛందంగా రాసుకోవాల్సి వచ్చింది. 2012లో టోర్వాల్డ్స్ సభలోనే ఆ కంపెనీని తిట్టిపోశాడు. 2022లో అది కొంత కోడ్ విప్పింది. ఎవరికి? 2018లో మొదలైన ట్యూరింగ్ తరం కార్డులకీ, ఆ తర్వాతి వాటికీ. పాత కార్డులకి పనికొచ్చే 340 వరస డ్రైవర్‌కి 2019 చివరే మద్దతు ఆపేసింది. తాళం తీసింది కొత్త గదికే. మరి నవ్వేవాళ్లు ఎవర్ని చూసి నవ్వాల?

ఇక పని చూద్దాం. మేం చేసి చూసిన వరసలోనే చెప్తన్నాం.

ఒకటి. మీట నొక్కగానే కంపెనీ బొమ్మ వస్తుందా? అదీ రాకపోతే తప్పు లినక్స్‌ది కాదు. కరెంటు తీగ పీకి, రామ్ బయటికి తీసి, మెరిసే అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ తీగ ఆ కార్డుకే తగిలించాలి. చాలాచోట్ల మదర్‌బోర్డు రంధ్రానికి పెట్టి "డిస్‌ప్లే పోయింది" అంటన్నారు.

రెండు. బొమ్మ వచ్చి, ఎక్కించేటప్పుడు తెర నల్లబడిందా? మొదటి మెనూలో మింట్‌కైతే కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటుకైతే సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకోండి. అవి లేకపోతే గ్రబ్ మెనూలో 'ఇ' అక్షరం నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరస చివర ఖాళీ వదిలి, ఎన్, ఓ, ఎం, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి అని చిన్న అక్షరాల్లో కలిపి రాయండి. తర్వాత ఎఫ్ 10 నొక్కండి. "తెర కొలత నువ్వు ముట్టుకోకు" అని కెర్నెల్‌కి చెప్పే మాట ఇది. ఎక్కించాక మొదటిసారి లేచేటప్పుడు కూడా ఇదే చెయ్యాల్సి రావచ్చు. పాత యంత్రాల్లో షిఫ్ట్, కొత్త పద్ధతి వాటిల్లో ఎస్కేప్ మీట పట్టుకుంటే ఆ మెనూ కనపడుతుంది.

ఈ మాట ఊతకర్ర. బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది, వీడియో తడబడుతుంది. అందుకని అసలు రోగం చూడండి. ఏఎండీ చిప్పుకైతే ఫర్మ్‌వేర్ లేకపోవడమే చాలాసార్లు కారణం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే కలిపారు. ఎప్పటిదో పాత డీవీడీ పట్టుకు తిరగొద్దు. ఎన్‌విడియా పాత కార్డు నువోతో కూడా మొరాయిస్తే, మదర్‌బోర్డులోనే డిస్‌ప్లే ఉన్న యంత్రమైతే కార్డు పీకి పక్కన పెట్టండి. ఏదీ కుదరకపోతే ఊతకర్రతోనే నడపండి. టైపింగ్‌కీ, పాఠానికీ, దరఖాస్తుకీ అది చాలు.

మూడు. తెర వచ్చింది గానీ అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయా? 800, 600 దగ్గరో 1024, 768 దగ్గరో ఆగిందా? ముందు వీజీఏ తీగ మార్చండి. దానికి 15 పిన్నులు. 12వదీ 15వదీ మానిటర్ తన కొలతలు కంప్యూటర్‌కి చెప్పుకునే దారి. అవి విరిగినా, నాసిరకం తీగలో అసలు లేకపోయినా కంప్యూటర్‌కి మానిటర్ ఎవరో తెలియదు. తీగ మార్చినా కుదరకపోతే సీవీటీ ఆదేశంతో కొలత రాబట్టి, ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్‌గా చేర్చండి. 1366 అడిగితే 1368 అని ఇస్తుంది, కంగారు పడొద్దు. యంత్రం ఆపితే ఇది పోతుంది, అందుకని స్టార్టప్‌లో రాసి పెట్టాలి. ఊతకర్ర మాట ఉన్నంతసేపు ఈ పని సాగదు. వేలాండ్ మీద కూడా సాగదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ పెట్టుకుంటే ఈ తంటా తక్కువ.

నాలుగు. మరీ పాత 32 బిట్ యంత్రమైతే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఎక్కదు. దానికి డెబియన్ 12 తీసుకోండి.

ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? ఎనిమిదో తరగతి పిల్ల చెయ్యగల పని. మరెందుకు చెయ్యనివ్వరు?

ఇయ్యాల స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, కుల ధ్రువీకరణ పత్రం, ఫలితాలు, అన్నీ తెర మీదే. వాడలో ఒక్క తెర లేకపోతే ప్రతి కాగితానికీ కూలి మానుకుని టౌనుకి పోవాలి. డబ్బులిచ్చి ఇంకొకడి కుర్చీ పక్కన నిలబడాలి. అక్షరం ఒకళ్ల చేతిలో ఉంటే మిగతావాళ్లు ఎట్లా బతికారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెర కూడా ఒకళ్ల చేతిలోకే పోతుంటే చూస్తా ఊరుకుందామా?

కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పాఠం జరుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ వాడాలని విధానం ప్రకటించింది. కాగితం మీద విధానం ఉంది, మూలన డబ్బా ఉంది. రెంటినీ కలిపే మనిషే లేడంటన్నారు. మేమున్నాం గదా!

మన కార్యకర్తలకీ ఒక మాట. "దాత దొరికితే కొత్త లాప్‌టాప్" అని ఏళ్లు గడపొద్దు. ఊరికి ఇద్దరు, అందులో ఒకరు ఆడపిల్ల, ఈ పని నేర్చుకోవాలి. ఏ చిప్పుకి ఏ మందు పనిచేసిందో నోటు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం అంబేద్కర్ భవనంలో అందరికీ అందేట్టు ఉండాలి. ఎవరి ట్రంకుపెట్టెలోకీ పోకూడదు. మీ దగ్గర పని జరిగితే ఆ పుస్తకం పక్క ఊరికి పంపండి.

అధికారులకి మేం అడిగేవి మూడు. బడి కంప్యూటర్లని తూకానికి అమ్మేముందు పరీక్షించాలి. లేచినవాటిని వాడ లైబ్రరీలకి రాతపూర్వకంగా ఇవ్వాలి. "పనికిరానిది" అని రాసిన ప్రతి డబ్బాకీ ఏ భాగం పాడైందో పక్కనే రాయాలి. రాయలేకపోతే ఆ డబ్బా మా ముందు పెట్టండి. తెర మేం వెలిగిస్తాం.