నొప్పి ఒంటిదా, మనసుదా?

స్త్రీల ఆరోగ్యం అనగానే కాన్పులు, కుటుంబ నియంత్రణ గుర్తుకొస్తాయి. కీళ్ళవాతంతోనో షుగరుతోనో ఏళ్ళ తరబడి బతికే స్త్రీల మనసు గురించి మన ఉద్యమాలు కూడా తక్కువే మాట్లాడాయి.

కర్నూలు జిల్లా కోడుమూరులో గద్వాల చీరలు నేసే ఇళ్ళున్నాయి. మగ్గం మీద ఎక్కువగా మగవాళ్ళే కనబడినా కండెలు చుట్టేది ఆడవాళ్ళే. ఆ చాకిరికి విడిగా కూలి ఉండదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయిన స్త్రీ పనినే కాదు, ఇంట్లో తన స్థానాన్ని కూడా పోగొట్టుకుంటుంది. "ఎవురికీ పనికిరాకుండా పోతి" అని ఒకామె నాతో అన్నది. దీన్ని డిప్రెషన్ లక్షణంగా రాసుకుంటే సరిపోతుందా? స్త్రీ విలువను చాకిరితో కొలిచే కుటుంబం ఆమెకు నేర్పిన మాట అది. భర్త మంచాన పడితే భార్య సేవ చేస్తుంది. భార్య పడితే చాలాచోట్ల కూతురు బడి మానుతుంది, లేదా ఆమెనే పుట్టింటికి పంపుతారు. అందుకే ఆమె నొప్పిని దాచుకుంటుంది.

మనసునీ శరీరాన్నీ విడదీయలేం. నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్రలేమి నొప్పిని పెంచుతుంది. షుగరు లేనివాళ్ళతో పోలిస్తే ఉన్నవాళ్ళలో డిప్రెషన్ సుమారు రెట్టింపు. కుంగిపోయిన మనిషి మందులు, తిండి వేళ తప్పితే షుగరు పెరుగుతుంది. డాక్టరు మాత్రం దాన్ని "అశ్రద్ధ" అంటాడు.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదకరమైనది. పరీక్షల్లో ఏదీ తేలకపోతే "నీకేం లేదమ్మా, అంతా టెన్షనే" అని పంపేస్తారు. రుమటాయిడ్ కీళ్ళవాతం మగవాళ్ళకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. వైద్యం ఆలస్యమైతే కీళ్ళు శాశ్వతంగా దెబ్బతింటాయి. ఆ ఒక్క మాటకి ఆమె చేతులే పోవచ్చు.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, జిల్లా కార్యక్రమం 1996లో మొదలయ్యాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. 21వ సెక్షన్ మానసిక రోగుల్ని శారీరక రోగులతో సమానంగా చూడాలంది. 2022లో టెలి మానస్ ఫోను సేవ, 14416, వచ్చింది. అయితే ఫోను భర్త జేబులో ఉండే ఇంట్లో ఆమె ఎవరితో మాట్లాడాలి?

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు చూసేటప్పుడే నిద్ర గురించి, భయం గురించి, చనిపోవాలన్న ఆలోచనల గురించి ఇంట్లోవాళ్ళు పక్కన లేకుండా అడగాలి. ఆ పని ఆశాలకు అప్పగిస్తే శిక్షణతోపాటు అదనపు వేతనమూ ఇవ్వాలి. కౌన్సెలింగ్ కీళ్ళ మందులకు, విశ్రాంతికి, కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళిన రోజున పోయే కూలికి ప్రత్యామ్నాయం కాకూడదు. మన సంఘాల సమావేశాల్లో కూడా "ధైర్యంగా ఉండు" అనేముందు ఒక ప్రశ్న వేద్దాం: నువ్వు పడుకుంటే ఇంట్లో ఎవరు వండుతున్నారు?