తప్పు మన వేలిది కాదు

మొన్న మందుల షాపులో ఒక సంగతి చూశాను. మా వీధిలోనే ఉండే పెద్దావిడ, ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన టీచరుగారు, బీపీ మాత్రలు తీసుకుని డబ్బు కట్టడానికి ఫోన్ తీశారు. కట్టే తెర వచ్చినట్టే వచ్చి, మధ్యలో ఇంకేదో అడిగింది. ఆవిడ ఒకటి నొక్కారు. మళ్లీ మొదటికొచ్చింది. వెనకాల నలుగురు నిలబడ్డారు. ఒకాయన గట్టిగా నిట్టూర్చాడు కూడా. టీచరుగారి ముఖం ఎర్రబడింది. చివరికి ఫోన్ కౌంటర్లోని కుర్రాడి చేతికిచ్చి, "నువ్వే కొట్టు నాయనా, నాకివి రావు" అంటూ పిన్ నంబరు పైకి చెప్పేశారు. షాపంతా విన్నది.

బయటికొచ్చాక, "అదేంటండీ, నంబరు అలా చెప్పేశారు?" అన్నాను.

"ఏం చెయ్యనమ్మా! నిన్న కుడివైపున్న బొత్తం ఇవాళ కనిపించదు. మా అబ్బాయినడిగితే 'ఎన్నిసార్లు చెప్పాలమ్మా' అంటాడు. నా బుర్ర మొద్దుబారిపోయింది" అన్నారు.

బీజగణితం నేర్పిన బుర్ర మొద్దుబారిందట! 'ఆడలేక మద్దెల ఓడు' అని మనకో సామెత ఉంది. ఇక్కడ ఆ సామెత తిరగబడింది. మద్దెల నిజంగానే ఓడు. మనమేమో 'నాకు ఆట రాదు' అని తలొంచుకుంటున్నాం.

'నాకు రాదు' అన్న మాట చిన్నదే గానీ, దాని ఖరీదు చాలా ఎక్కువ. ఫోన్ ఇంకొకరి చేతికిచ్చినప్పుడు మన బీరువా తాళంచెవి కూడా ఇచ్చేస్తున్నాం. పెన్షన్ పడిందో లేదో, ఖాతాలో ఎంతుందో, పుట్టింటివాళ్లకి వెయ్యి రూపాయలు పంపాలో వద్దో, అన్నీ ఇంకొకరి నోటితో వినాల్సి వస్తుంది. నలభై ఏళ్లు పోట్లాడి సంపాదించుకున్న కాస్త స్వతంత్రం ఒక బొత్తం దగ్గర జారిపోతోంది. అందుకే ఈ తెరల సంగతి కుర్రకారుకీ, ఇంజనీర్లకీ వదిలేసే విషయం కాదనిపిస్తుంది నాకు.

అసలీ తెరమీది బొమ్మలు, బొత్తాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో కూర్చుని, ఆలోచించి కనిపెట్టినవే. ఆ కనిపెట్టడంలో మన ఆడవాళ్ల చెయ్యి ఎంతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. గది నిండా పట్టే యంత్రం. దానికి లెక్క నేర్పించాలంటే తీగలు పీకి, ఇంకోచోట గుచ్చి, మీటలు తిప్పాలి. ఆ పని చేసింది ఆరుగురు యువతులు. విజయం పండగ చేసుకున్న విందుకి మాత్రం వాళ్లని పిలవలేదు. వండినవాళ్లు వంటింట్లో, తిన్నవాళ్లు హాల్లో. మనకి కొత్తేం కాదు కదా!

ఆ తరువాత గ్రేస్ హాపర్ వచ్చింది. గణితంలో డాక్టరేటు చేసి, అమెరికా నౌకాదళంలో పనిచేసిన మనిషి. యంత్రం భాషని మనుషులెందుకు నేర్చుకోవాలి, మనుషుల మాటలే యంత్రానికి అర్థమయ్యేలా చేస్తే పోలా అన్నది ఆమె పట్టు. 'కంప్యూటర్‌కి ఇంగ్లీషు రాదు' అని అందరూ కొట్టిపారేశారట. ఆమె ఆగలేదు. రాసిన ఆజ్ఞల్ని యంత్రభాషలోకి మార్చే పనికి 1952లోనే ఒక ప్రోగ్రాం తయారుచేసింది. ఆ దారిలో ఫ్లోమాటిక్ అనే భాష వచ్చింది. 1959లో కోబాల్ అనే భాష రూపకల్పన మొదలైనప్పుడు దానికి పునాది అదే. ప్రపంచంలో ఎన్నో బ్యాంకుల లెక్కలు దశాబ్దాల తరబడి కోబాల్ మీదే నడిచాయి.

ఇందులో నాకు నచ్చిన ముచ్చట ఒకటుంది, ఆమే తరువాత చెప్పుకున్నది. ఇంగ్లీషు మాటల బదులు ఫ్రెంచి, జర్మన్ మాటలిచ్చినా యంత్రం అదే పని చేస్తుందని ఆమె పైవాళ్లకి చూపించింది. వాళ్లు హడలిపోయారట. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి ఎలా వస్తుందని! యంత్రానికి ఏ భాషా సొంతం కాదని ఆ పెద్దలకి తట్టలేదు. ఫ్రెంచి నేర్చిన యంత్రం తెలుగు నేర్వదా మరి?

ఇప్పుడు మనం రోజూ చేసే 'కట్, కాపీ, పేస్ట్' చూడండి. 1970ల్లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో లారీ టెస్లర్ అనే ఆయన ఈ పద్ధతికి రూపమిచ్చాడు. దానికి ముందు ఆయన చేసిన పనే గొప్పది. ఆఫీసులో కొత్తగా చేరిన ఒక సెక్రటరీని ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి, దిద్దిన కాగితం ఒకటి చేతికిచ్చి, 'ఈ తెర మీద ఏం కావాలంటే అది జరుగుతుందనుకో, ఈ దిద్దుబాట్లు ఎలా చేస్తావు?' అని అడిగాడు. కంప్యూటర్ సంగతి తెలియని మనిషి చెప్పిన జవాబుని వినయంగా రాసుకున్నాడు. తప్పులు ఆమెవి అనుకోలేదు. ఆమెకి తోచిన పద్ధతే సరైన పద్ధతి అనుకున్నాడు. అలా పుట్టిన పద్ధతి యాభై ఏళ్లయినా చెక్కుచెదరలేదు.

అదే చోట అడెల్ గోల్డ్‌బర్గ్ అనే ఆవిడ ఉండేది. కిటికీల్లా తెరుచుకునే తెరలూ, మౌస్‌తో నొక్కే పద్ధతీ రూపుదిద్దుకున్న స్మాల్‌టాక్ బృందంలో ముఖ్యురాలు. 1979లో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ వచ్చి ఇదంతా చూపించమన్నప్పుడు ఆమె ససేమిరా అంది. ఇది మన కష్టం, ఊరికే చూపించెయ్యకండని గొడవపెట్టుకుంది. పైవాళ్లు ఆజ్ఞాపిస్తే తప్ప చూపించలేదు. తరువాతి కథ లోకానికంతా తెలుసు. ఆమె భయపడ్డది ఎందుకో కూడా తెలుసు.

1984లో ఆపిల్ తెచ్చిన మెకింటోష్ తెర మీద చెత్తబుట్ట, నవ్వుముఖం కంప్యూటర్ లాంటి బొమ్మలు గీసింది సూసన్ కేర్. ఆమె చదివింది కళలు. గళ్ల కాగితం కొనుక్కుని, ముప్ఫై రెండు గళ్లు అడ్డం, ముప్ఫై రెండు గళ్లు నిలువు, ఒక్కో గడి నింపుకుంటూ బొమ్మలు వేసింది. సూదిపనీ, చలువరాళ్ల చిత్రాలూ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదని ఆమే అంటుంది. చుక్కలు పెట్టి ముగ్గేసే మనకి, గళ్ల గుడ్డ మీద క్రాస్‌స్టిచ్ కుట్టే మనకి వేరే చెప్పాలా? ముగ్గు మధ్యలో చుక్క తప్పితే ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు!

ఇది కళ్లకి కనిపించే తెర సంగతి. దీని వెనక కనిపించని కిటికీ ఇంకోటుంది. దాన్ని ఏపీఐ అంటారు. టిఫిన్ హోటల్లో వడ్డించే కుర్రాడు వంటింటి కిటికీ దగ్గర నిలబడి "రెండిడ్లీ, ఒక కాఫీ" అని కేకేస్తాడు. లోపల పిండి ఎలా రుబ్బారో వాడికి అక్కర్లేదు. అడిగే మాట, వచ్చే వస్తువు ఖాయమైతే చాలు. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని పని అడిగే పద్ధతి ఇదే.

ఈ మాటలు ఎవరి సొత్తు అన్న దాని మీద అమెరికాలో పెద్ద దావా నడిచింది. జావా అనే ప్రోగ్రామింగ్ భాష హక్కులున్న ఒరాకిల్ కంపెనీ 2010లో గూగుల్ మీద కేసు వేసింది. గూగుల్ తన ఫోన్ల కోసం లోపలి వంట సొంతంగానే చేసుకుంది గానీ, కిటికీ దగ్గర అడిగే మాటల్ని, సుమారు 11,500 వరసలు, జావా నుంచే తీసుకుంది. కొత్త హోటలువాడు ఇడ్లీని ఇడ్లీ అనడానికి పాత హోటలువాడి అనుమతి కావాలా అన్నట్టుంది తగవు. 2021 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు 6-2 మెజారిటీతో, అలా వాడుకోవడం న్యాయమైన వినియోగమేనంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు అప్పటికే నేర్చుకున్న విద్య కొత్తచోట కూడా పనికి రావాలి అన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన మాట.

చూశారా! రాసేవాళ్ల అలవాటుకి సుప్రీంకోర్టు కూడా విలువిచ్చింది. మంచి కంపెనీలు ఆ కిటికీ మాటల్ని తొందరపడి మార్చవు. మారిస్తే వాటి మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు ఆగిపోతాయి కాబట్టి, చాలాముందుగా చెప్పి, పాతదాన్ని కొన్నాళ్లు ఉంచి మరీ మారుస్తాయి. మరి టీచరుగారి వేలు నేర్చుకున్న దారికి ఆ మర్యాద ఎందుకు దక్కదు? రాత్రికి రాత్రి బొత్తం చోటు మార్చేసి, పొద్దున్నే ఆవిడని మొద్దుబుర్ర అనిపించే హక్కు ఎవరిచ్చారు?

మన భాష సంగతీ అంతే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు అక్షరాలకి చోటు దొరికింది. ఒక కంప్యూటర్లో కొట్టిన తెలుగు ఇంకో దానిలో పిచ్చిగీతలుగా కనబడే బాధ దానివల్లే క్రమంగా తగ్గింది. అయినా 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? 'జ్ఞా' అక్షరం ఒక రకంగా కూర్చి పంపితే చాలు, ఐఫోన్లలో మెసేజీల ప్రోగ్రాములు కుప్పకూలిపోయాయి. కొద్దిరోజుల్లోనే సరిచేశారనుకోండి. జ్ఞానంలోని జ్ఞా కే తట్టుకోలేకపోయింది అంత ఖరీదైన యంత్రం! ఆరోజు తెలుగువాళ్లకి తెలుగు రాదని ఎవరూ అనలేదు. యంత్రానిదే తప్పన్నారు. రోజూ అలాగే అనడం నేర్చుకోవాలి మనం.

పైగా కొన్ని తెరలు మనల్ని తికమకపెట్టడానికే తయారవుతున్నాయి. అడగని వస్తువు బిల్లులో చేరుతుంది. 'ఇంకా రెండు నిమిషాలే' అని గడియారం తిరుగుతుంది. చేరడానికి ఒక్క నొక్కు, మానుకోవడానికి తొమ్మిది తలుపులు. ఇవి పొరపాట్లు కావు, పన్నిన వలలు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి మోసపు పద్ధతులు పదమూడింటిని పేర్లతో సహా చెప్పి నిషేధించింది. 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

అందుకని నేననేదేమిటంటే, నేర్చుకోవడం మానొద్దు. పిన్ నంబరు మాత్రం కన్నకొడుక్కి కూడా పైకి చెప్పొద్దు. పిల్లల్ని "నువ్వే చేసెయ్" అనకుండా, "నా వేలితో చేయించు" అని అడగండి. వాళ్లకి నడక నేర్పినప్పుడు మనం ఎన్నిసార్లు చెప్పామో లెక్కపెట్టుకోలేదు కదా! బ్యాంకుకెళ్లినప్పుడు 'నాకు రావట్లేదు' అనడం మాని, 'మీ తెర సరిగా లేదు, తెలుగు ఏది?' అని అడగండి. నలుగురు అడిగితే విసుక్కుంటారు. నాలుగు వేలమంది అడిగితే మారుస్తారు.

ఇళ్లల్లో ఇంజనీర్లయిన కొడుకులూ, కూతుళ్లూ, కోడళ్లూ ఉన్నారు. హైదరాబాదు నుంచి అమెరికా దాకా ఇలాంటి తెరలు తయారుచేస్తున్నవాళ్లలో మన పిల్లలు చాలామందే ఉన్నారు. ఈసారి వాళ్లు ఇంటికొచ్చినప్పుడు టెస్లర్ అడిగినట్టు అమ్మని అడగమనండి. ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి, "అమ్మా, నువ్వైతే ఎలా చేస్తావు?" అని.

టీచరుగారు మొన్న మా ఇంటికొచ్చారు. నోటుపుస్తకంలో పేజీకో తెర బొమ్మ గీసి, ఏ బొత్తం తరువాత ఏది నొక్కాలో వరసగా రాసుకున్నారు. కింద ఎర్రసిరాతో, 'ఇక్కడ వీళ్లే తప్పు చేశారు' అని రాసి ఉంది.

మార్కులు వేయడం ఆవిడ మరిచిపోలేదు.