దుమ్ము లాగని యంత్రాన్ని తూకానికి వేయవద్దు

పండుగ ముందు బూజు దులిపే రోజుల్లోనే వాక్యూమ్ క్లీనర్ మొరాయించడం చాలా ఇళ్ళలో చూస్తున్నదే. ఏడాది పొడుగునా అటక మీద ఉన్నదాన్ని దించి ఇంటి దుమ్మంతా ఒక్కరోజే లాగమంటే అది మాత్రం ఏం చేస్తుంది? చప్పుడు చేస్తుంది గాని దుమ్ము లాగదు. మోటారు పోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు. మెకానిక్కు చూపిస్తే "సామాను దొరకదండీ" అంటాడు. దుకాణంవారు పాతది ఇచ్చి కొత్తది తీసుకోమంటారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, సంచి నిండినందుకు యంత్రాన్నే వదిలించుకుంటున్నాము.

యురేకా ఫోర్బ్స్ సంస్థ 1982లో మన దేశంలో ఇంటింటికీ వెళ్ళి వాక్యూమ్ క్లీనర్లు అమ్మడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళు దాటినా ఈ యంత్రం ఎందుకు ఆగుతుందో ఇంటివారికి విడమరచి చెప్పేవారు తక్కువే.

ఇందులో రహస్యమేమీ లేదు. మోటారు తిప్పే ఫ్యాను గాలిని బయటికి నెడుతుంది. ఆ వెలితి పూడ్చడానికి గొట్టం గుండా గాలి, దానితోపాటు దుమ్ము లోపలికి వస్తాయి. సంచి, ఫిల్టరు దుమ్మును ఆపి గాలిని వదులుతాయి. ఈ దారి ఎక్కడ మూసుకున్నా లాగుడు తగ్గుతుంది. కనుక ముందు చూడవలసింది మోటారును కాదు, గాలి దారిని.

ప్లగ్గు తీసి సంచి దులపండి. ముగ్గుపిండి, సిమెంటు, బూడిద వంటి మెత్తని పొడి లాగితే సంచి సగమే నిండినా దాని రంధ్రాలు పూడిపోతాయి. కడగవచ్చని రాసి ఉన్న ఫిల్టరునే కడిగి, నీడలో పూర్తిగా ఆరాకనే బిగించాలి. తరువాత గొట్టం ఊడదీసి, యంత్రం నడిపి, గాలి లోపలికి వెళ్ళే రంధ్రం వద్ద అరచెయ్యి పెట్టండి. అక్కడ గట్టిగా లాగుతుంటే అడ్డు గొట్టంలోనే ఉన్నది. మళ్ళీ ప్లగ్గు తీసి, చీపురు కర్ర మొద్దు వైపుతో మెల్లగా తోయండి. ఇనుప చువ్వతో పొడిస్తే గొట్టం చిల్లు పడుతుంది. అడుగున తిరిగే బ్రష్షు ఉన్న రకమైతే దానికి చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో తీయాలి.

కాసేపు నడిచి వేడెక్కి ఆగిపోతే కంగారు పడనక్కరలేదు. వేడి మితిమీరితే తనంతట తానే ఆగే ఏర్పాటు చాలా యంత్రాలలో ఉన్నది. సంచి, ఫిల్టరు శుభ్రం చేసి, గంటసేపు చల్లారనిచ్చి చూడండి. అసలు తిరగకుంటే ముందు ఆ సాకెట్‌లో టేబుల్ లైటు పెట్టి చూడండి. 1400 వాట్ల యంత్రం 230 వోల్టుల వద్ద సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బోర్డు దానికి తగదు.

లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించినా, కమురు వాసన వచ్చినా, పొరపాటున నీళ్ళు లాగినా వెంటనే ఆపి మెకానిక్కుకు అప్పగించాలి. అక్కడ సొంత వైద్యం ప్రాణాంతకం. చాలాసార్లు అరిగినవి కార్బన్లు మాత్రమే. రెండూ కలిపి మారిస్తే మోటారు మళ్ళీ తిరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఆ కార్బన్లు, సంచులు, బెల్టులు చిన్న పట్టణాల దుకాణాలలో సులభంగా దొరకవు. బయటివారు విప్పితే ప్రమాదమని కంపెనీలు అంటాయి. నిజమే కావచ్చు. అయితే తమ మనుషులనైనా పంపాలి, లేదా మా ఊరి మెకానిక్కుకు సామానూ శిక్షణా ఇవ్వాలి. రెండూ చేయక కొత్తది కొనుమనడం సేవ కాదు, వ్యాపారం. యంత్రంతోపాటు తెలుగులో ఒక్క కరపత్రం ఇవ్వడం వారికి భారమా?

కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు కంపెనీలు అందులో ఉంచాలన్నది ఉద్దేశం. వివరాలు ఉంటే చాలదు, వస్తువు ఊరికి చేరాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత యంత్రాల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. చెత్తకుప్పకు చేరాక బాధ్యత వహించేకంటే, చేరకుండా చూడడం మేలు కదా!

వినియోగదారులూ ఊరుకోరాదు. కొనేముందే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో అడగాలి. బిల్లు, వారంటీ కాగితం దాచుకోవాలి. వారంటీలో ఉండగా బాగుచేయకుంటే 1915 నంబరుకు ఫోను చేయాలి, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. ఒక్కరు అడిగితే విసుక్కునే కంపెనీ, వందమంది అడిగితే కార్బన్లు పంపక మానదు.