41లోంచి 13 పోతే 32?.. మూడో తరగతి లెక్క దగ్గరే పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

మూడో తరగతి పిల్లాడికి పలక ఇచ్చి, 41లోంచి 13 తీసెయ్ అని అడగండి. చాలామంది టకటకా 32 అని రాసేస్తారు. పక్కాగా, ఏ డౌటూ లేకుండా. అసలు సమస్య అక్కడే ఉంది.

2025 జనవరిలో విడుదలైన అసర్ 2024 రిపోర్ట్ ప్రకారం, దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతమే. 2022లో 25.9 శాతం ఉంది కాబట్టి మెరుగైనట్టే. కానీ ఐదో తరగతికొచ్చినా భాగహారం వచ్చినవాళ్లు 30.7 శాతమే. కేంద్రం చేసిన పరఖ్ సర్వే సంగతీ అంతే. 99 లోపు అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పెట్టగలిగిన మూడో తరగతి పిల్లలు 55 శాతం. ఆరో తరగతిలో పదో ఎక్కం వరకు వచ్చి, వాటిని లెక్కల్లో వాడగలిగినవాళ్లు 53 శాతం.

తప్పు ఎక్కడ జరుగుతోంది?

మళ్లీ ఆ 32 దగ్గరకే వద్దాం. ఒకట్లో మూడు పోదు. అందుకని పిల్లాడు తిరగేసి మూడులోంచి ఒకటి తీశాడు, రెండొచ్చింది. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. 32! వాడికి తీసివేత వచ్చు. రానిది స్థాన విలువ. 41లో 4 అంటే నాలుగు కాదు, నాలుగు పదులు అన్న సంగతి బుర్రకెక్కలేదు. టీచర్ 'పక్కనుంచి అప్పు తెచ్చుకో' అంటారు. ఎవరి దగ్గర, ఎంత అప్పు? తెచ్చేది ఒకటా, పదా? అది అర్థం కాకుండా పద్ధతి బట్టీ పడితే రెండు రోజుల్లో మర్చిపోతారు.

పది ఈనెపుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే ఒక కట్ట. నాలుగు కట్టలు, ఒక విడి పుల్ల... ఇదీ 41. ఇందులోంచి 13 ఇవ్వాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. విప్పిన పిల్లాడికి అప్పు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఖర్చు? రబ్బరు బ్యాండ్ల డబ్బులు.

మార్కెట్ లెక్క వేరు, బడి లెక్క వేరు

తెనాలి నిమ్మ మార్కెట్ చుట్టుపక్కల పెరిగే పిల్లలకు బస్తా, కిలో, రేటు అనే మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. మరి ఆ లెక్క బడికి ఎందుకు రావట్లేదు? నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం ఇదే కోణంలో కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరిశీలించింది. 2025లో నేచర్ పత్రికలో ఫలితాలొచ్చాయి. 800 గ్రాముల బంగాళాదుంపలు, కిలోన్నరకు కాస్త తక్కువ ఉల్లిపాయలు కలిపి ఎంతో నోటితోనే చెప్పేసిన పిల్లలు, కాగితం మీద భాగహారం ఇస్తే తెల్లమొహం వేశారు. చేయగలిగింది 32 శాతమే. బడికెళ్లే పిల్లల సంగతి దీనికి రివర్స్. కాగితం మీద లెక్క బాగానే చేశారు. కానీ పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన ఒక మార్కెట్ లెక్కను వీళ్లలో చేసింది ఒక్క శాతం. తెలివి రెండు వైపులా ఉంది, మధ్యలో వంతెనే లేదు.

మన దగ్గర భాష గొడవ కూడా తోడైంది. ఇంట్లో 'ముప్ఫై', బడిలో 'థర్టీ'. థర్టీన్, థర్టీ వినడానికి దాదాపు ఒకటే. పదమూడు, ముప్ఫై అంటే ఆ తికమక ఉండదు. ఏపీలో రెండు భాషల్లో పక్కపక్కనే ముద్రించిన పుస్తకాలు ఇస్తున్నారు. క్లాసులో తెలుగు పేజీ ఎంత తెరుస్తున్నారన్నదే పాయింట్.

ఆటలాడిస్తే చాలా?

అంగన్‌వాడీ వయసు నుంచే మొదలుపెట్టాలని అందరూ అంటారు. ఢిల్లీలో సగటున ఐదేళ్ల వయసున్న 1,540 మంది పిల్లలతో నాలుగు నెలలు లెక్కల ఆటలు ఆడించారు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం కాస్త నిరాశే. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న అంచనా ఏడాది దాటినా నిలిచింది. కానీ బడి లెక్కల్లో తేడా రాలేదు. అంటే వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడిస్తే మంచిదే. కానీ చెమ్మా పడగానే 4 అని, అష్టా పడగానే 8 అని పలక మీద రాయించినప్పుడే ఆట అంకెతో కలుస్తుంది.

టీచర్ ఉన్నారా మరి?

2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. కూటమి ప్రభుత్వం 2025లో దాన్ని పక్కనపెట్టి, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులూ ఉన్నాయి. ఒకే టీచర్ ఐదు తరగతులు చూసే చోట కట్టలు, పుల్లలు అంటే కుదిరే పని కాదు కాబట్టి ఇది ముఖ్యమైన మార్పే.

2024 డిసెంబర్ 7న బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌లో జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు సీఎం చంద్రబాబు, మంత్రి లోకేశ్ వచ్చారు. ఇలాంటి మీటింగుల్లో తల్లిదండ్రులు మొదట అడిగేది మార్కులు. 'మావాడి చేత ఒక తీసివేత చేయించి చూపించండి సార్' అని అడిగితే రెండు నిమిషాల్లో అసలు సంగతి తేలిపోతుంది.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లాడికీ చదవడం, లెక్కలు రావాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026-27. 2024 జూన్‌లో ఒకటో తరగతిలో చేరినవాళ్లు మూడో తరగతి ముగించేది సరిగ్గా ఆ ఏడాదే.