స్కాన్‌ శునకానికి.. పాఠం మనిషికి!

మీ వీధిలోనో, బంధువుల ఇంట్లోనో వయసు మళ్లిన ఆడకుక్క పొట్ట కింద గడ్డ వేలాడుతుంటే ఎప్పుడైనా చూశారా? 'ముసలిదైపోయింది, అంతే' అని వదిలేసి ఉంటారు. అది రొమ్ము కణితి కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ చేయించని ఆడకుక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కణితి ఇదే. మహిళల్లో రొమ్ము క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి పరిశోధకులు ఇప్పుడు ఈ గడ్డలను స్కాన్‌ చేసి చూస్తున్నారు. వెటర్నరీ, ఇమేజింగ్‌, బయోటెక్‌, కంప్యూటర్‌ సైన్స్‌.. వీటిలో ఏది చదువుతున్నా ఈ విషయం మీకు పనికొస్తుంది.

రెండు వార్తలు.. ఒక తికమక

కొత్త మందులకు జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించింది. జంతువులతో పనిలేని పద్ధతులకు చోటిస్తూ మన దేశం 2023లో క్లినికల్‌ ట్రయల్స్‌ నిబంధనలను సవరించింది. మోనోక్లోనల్‌ యాంటీబాడీలతో మొదలుపెట్టి జంతు పరీక్షలను దశలవారీగా తగ్గిస్తామని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ప్రకటించింది. మరి కుక్కలపై క్యాన్సర్‌ పరిశోధన ఎందుకు సాగుతోంది? గ్రూప్‌ డిస్కషన్‌లో ఈ ప్రశ్న వస్తే ఏం చెబుతారు?

తేడా ఒక్కటే. ల్యాబ్‌లో ఎలుకకు క్యాన్సర్‌ను మనమే తెప్పిస్తాం. ఇక్కడ కుక్కకు జబ్బు తనంతట తానే వచ్చింది. యజమాని దాన్ని వైద్యం కోసమే తీసుకొచ్చారు. ఆయన అంగీకారంతో స్కాన్‌ చేస్తారు, చికిత్స ఇస్తారు, తిరిగి ఇంటికి పంపుతారు. అంటే ఆ కుక్క ప్రయోగ వస్తువు కాదు, రోగి. అమెరికా నేషనల్‌ క్యాన్సర్‌ ఇన్‌స్టిట్యూట్‌ 2003లోనే దీనికోసం కంపారెటివ్‌ ఆంకాలజీ కార్యక్రమం ప్రారంభించింది.

ఎలుక కంటే ఏం ఎక్కువ?

కుక్క మనింట్లోనే ఉంటుంది, మనం పీల్చే గాలే పీలుస్తుంది. మనలాగే వయసు పైబడ్డాక దానికి క్యాన్సర్‌ ముప్పు పెరుగుతుంది. ఎలుకల్లో మనిషి కణితిని పెంచాలంటే వాటి రోగనిరోధక శక్తిని అణచాల్సి వస్తుంది. కుక్కకు ఆ అవసరం లేదు, దాని కణితి దానిదే. టాషా అనే బాక్సర్‌ జాతి కుక్క జన్యుపటం 2005లో వెలువడటంతో మనిషి జన్యువులతో పోల్చి చూడటమూ తేలికైంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. కుక్కకు సాధారణంగా అయిదు జతల పాలగ్రంథులుంటాయి. ఒకే కుక్కలో ఒకేసారి నాలుగైదు గడ్డలు కనిపించొచ్చు. ఒకటి హాని చేయనిది, ఇంకొకటి మారుతున్నది, మరొకటి పూర్తిగా క్యాన్సర్‌. మామూలు గడ్డ క్యాన్సర్‌గా ఎలా మారుతుందో ఒకే శరీరంలో దశలవారీగా చూసే వీలు మహిళల్లో అరుదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్య కళాశాలలో డాక్టర్‌ కారిన్‌ సోరెన్మో బృందం షెల్టర్లలోని ఇలాంటి కుక్కలకు చికిత్స చేస్తూనే ఈ మార్పును అధ్యయనం చేస్తోంది.

స్కానర్‌ చేసే పని

ఎలుకకు ప్రత్యేకమైన చిన్న స్కానర్లు కావాలి. కుక్కకు మనుషుల అల్ట్రాసౌండ్‌, సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాలే సరిపోతాయి. గడ్డ అంచులు, ఆకారం అల్ట్రాసౌండ్‌లో తెలుస్తాయి. రక్తప్రసరణను డాప్లర్‌, గట్టిదనాన్ని ఎలాస్టోగ్రఫీ చూపిస్తాయి. ఊపిరితిత్తులకు పాకిందేమో సీటీ చెబుతుంది. క్యాన్సర్‌ మొదట చేరే లింఫ్‌ గ్రంథి ఏదో కాంట్రాస్ట్‌ మందు ఎక్కించి వెతుకుతారు.

తర్వాత గడ్డను ఆపరేషన్‌ చేసి తీసేస్తారు. పెథాలజిస్ట్‌ స్లైడ్‌పై అసలు సంగతి తేలుస్తారు. స్కాన్‌లో అనుకున్నదీ, స్లైడ్‌లో తేలిందీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఒక కుక్కలో అయిదు గడ్డలుంటే అలాంటి పోలికలు అయిదు దొరుకుతాయి. కొత్త స్కానింగ్‌ పద్ధతినో, ఏఐ ప్రోగ్రామ్‌నో పరీక్షించాలంటే కావాల్సింది ఇదే.

కంప్యూటర్‌ విద్యార్థులకు ఒక ఉదాహరణ. కుక్కల రొమ్ము క్యాన్సర్‌కు చెందిన 21 పూర్తి స్లైడ్ల చిత్రాల్లో, విభజన చెందుతున్న కణాలన్నిటినీ గుర్తించిన డేటాసెట్‌ 2020లో 'సైంటిఫిక్‌ డేటా' జర్నల్‌లో వచ్చింది. మనుషుల రొమ్ము క్యాన్సర్‌ పరిశోధనకు సాయపడటమే దాని ఉద్దేశం.

ఇక్కడే ఆగి ఆలోచించాలి

'కుక్కలో పనిచేసింది కాబట్టి మనిషిలోనూ పనిచేస్తుంది' అనుకుంటే పొరపాటే. కుక్కల కణితుల్లో మృదులాస్థి, ఎముక కూడా పెరిగే మిశ్రమ రకం తరచూ కనిపిస్తుంది. మహిళల్లో ఇది అరుదు. మహిళ మామోగ్రామ్‌లో సన్నని కాల్షియం చుక్కలు తొలిదశ క్యాన్సర్‌కు సంకేతం కావచ్చు. కుక్క గడ్డలో కాల్షియం కనిపిస్తే అది ఆ ఎముక వల్ల కూడా కావచ్చు. ఒకదాన్ని చూసి నేర్చుకున్న ఏఐని నేరుగా రెండోదానిపై వాడితే తప్పు జవాబు రావచ్చు.

పైగా మహిళలకు గడ్డ చేతికి తగలకముందే మామోగ్రామ్‌తో పట్టుకునే స్క్రీనింగ్‌ ఉంది. కుక్కల్లో గడ్డ చేతికి తగిలాకే ఆసుపత్రికి వస్తారు. సీటీ, ఎంఆర్‌ఐ అంటే కుక్కకు మత్తు ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే.

మన దగ్గర ఆపరేషన్‌ చేయించని పెంపుడు కుక్కలు చాలానే ఉన్నాయి. కాబట్టి కేసులకు కొదవ లేదు. కానీ ప్రతి కేసులో స్కాన్‌, స్లైడ్‌, చికిత్స తర్వాత ఏమైందన్న వివరం.. మూడూ కలిపి భద్రపరిస్తేనే అది పరిశోధనకు పనికొస్తుంది. లేదంటే అది ఫైళ్ల కట్టగానే మిగిలిపోతుంది.

మీ దారి ఏది?

నిజం చెప్పాలంటే 'కంపారెటివ్‌ ఆంకాలజిస్ట్‌ కావలెను' అని మీకు నోటిఫికేషన్‌ రాదు. ఒక బలమైన డిగ్రీతో వెళ్లి, పక్కవాళ్ల భాష నేర్చుకున్నవారికే ఇక్కడ చోటు.

* వెటర్నరీ: బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. తర్వాత ఎంవీఎస్సీలో సర్జరీ అండ్‌ రేడియాలజీ లేదా పెథాలజీ. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి.

* మెడికల్‌ ఇమేజింగ్‌, బయోమెడికల్‌: యంత్రం మీకు తెలుసు. జంతువు శరీర నిర్మాణం, మత్తు సమయంలో జాగ్రత్తలు నేర్చుకోవాలి.

* బయోటెక్‌, లైఫ్‌ సైన్సెస్‌: హైదరాబాద్‌లోని ఎన్‌ఐఏబీ, సీసీఎంబీ లాంటి సంస్థల ప్రాజెక్టు నోటిఫికేషన్లు గమనిస్తుండండి. సీఎస్‌ఐఆర్‌ నెట్‌ రాయండి.

* కంప్యూటర్‌ సైన్స్‌: పైథాన్‌తో పాటు, స్కాన్‌ చిత్రాలను భద్రపరిచే డైకామ్‌ ఫార్మాట్‌ తెలుసుకోండి. మనుషులకైనా, జంతువులకైనా అదే.

'మూడు నెలల్లో క్యాన్సర్‌ ఏఐ నిపుణులు' లాంటి ప్రకటనలు చూస్తే ఫీజు కట్టేముందు ఒకటే అడగండి: అసలైన కేసుల చిత్రాలపై, డాక్టర్‌ పర్యవేక్షణలో పనిచేయిస్తారా? సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు మిగిలినట్టే.

మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్‌ బయటపడిందని గ్లోబోకాన్‌ అంచనా. అదే ఏడాది దీంతో దాదాపు 98 వేల మంది చనిపోయారు. గడ్డను కాస్త ముందుగా, కాస్త కచ్చితంగా గుర్తించడం నేర్పే ప్రతి పాఠమూ విలువైనదే. ఈ రంగం మీకు నప్పుతుందో లేదో తెలియాలంటే దగ్గర్లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లండి. అనుమతి తీసుకుని రేడియాలజీ గదిలో ఒక పూట ఉండి చూడండి. పది వెబ్‌నార్లు చెప్పలేనిది అక్కడ తెలుస్తుంది.