ఒక్కరోజు తేడా: డాక్టరు చదువు ఏడాది వెనక్కి

ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ. ఒక పిల్ల 2008 డిసెంబరు 31న, ఆమె స్నేహితురాలు 2009 జనవరి 2న పుట్టారనుకుందాం. ఇద్దరూ 2025లో బైపీసీ ప్యాసయ్యారు. మొదటి అమ్మాయి ఆ ఏడాది నీట్ రాయవచ్చు. రెండో అమ్మాయికి దరఖాస్తు పెట్టే అర్హతే లేదు. ఇంటర్‌లో జిల్లాకే మొదటి మార్కు తెచ్చుకున్నా మరుసటి ఏడాది దాకా ఆగవలసిందే.

చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలన్న షరతు నిన్నమొన్నటిది కాదు. భారత వైద్య మండలి 1997లో చేసిన నిబంధనలలోనే ఉంది. 2020లో మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2025 నీట్‌కూ ఇదే షరతు పెట్టారు.

ఉన్నవారికి ఏడాది పెద్ద లెక్క కాదు. కౌలు చేసుకునే ఇంట్లో మాత్రం ఏడాదంటే మరో ఏడాది హాస్టలు ఖర్చు, కోచింగు ఫీజు, దానికి వడ్డీ. ఆడపిల్లయితే ఖాళీగా ఎందుకని దగ్గరి కాలేజీలో బీఎస్సీలో చేర్చేస్తారు. డాక్టరు మాట అక్కడితో సరి. ఈ షరతును సవాలు చేస్తూ కొందరు హైకోర్టుల మెట్లెక్కుతున్నది ఇందుకే.

వారి వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినదేమీ కాదు. ఇంటర్ చదవనిచ్చిన ప్రభుత్వం, పరీక్ష ప్యాసయ్యాక వయసు చాలదనడం ఏమిటి? ఇంజనీరింగు కోసం రాసే జేఈఈ మెయిన్‌కు వయోపరిమితి లేదు కదా? రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వం ఇదేనా? అటువైపు వారు చెప్పేది మరొకటి. వైద్య విద్యార్థి మొదటి ఏడాదే శవాన్ని కోసి చదవాలి, ఆపైన వార్డులో రోగి మంచం దగ్గర నిలబడాలి. దానికి తెలివి ఒక్కటే చాలదు, మనసు ముదరాలి అని. డిసెంబరు 31న ముదిరిన మనసు జనవరి 2న ముదరదా అని ఎవరైనా అడిగితే మాత్రం దీనికి జవాబు లేదు.

అయినా కోర్టులో గెలవడం కష్టం. దీనికి మూలం ఒక అగ్గిపెట్టెల కేసు. చిన్న ఉత్పత్తిదారులకు సుంకం తగ్గిస్తూ, అందుకు 1967 సెప్టెంబరు 4ను గడువుగా కేంద్రం పెట్టింది. ఒక పరిశ్రమ 5వ తేదీన లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంది. ఒక్కరోజు ఆలస్యం! రాయితీ పోయింది. 1974లో సుప్రీంకోర్టు ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పింది. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఆ తేదీ బొత్తిగా ఇష్టారాజ్యంగా పెట్టినదైతే తప్ప కోర్టు కలగజేసుకోదు అన్నది ఆ తీర్పు సారాంశం. చదువుల విషయంలోనూ ధోరణి ఇదే. కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి వయసు అయిదు నుంచి ఆరేళ్ళకు పెంచితే, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టూ, ఆపై సుప్రీంకోర్టూ తల్లిదండ్రుల మాట వినలేదు.

గరిష్ఠ వయసు సంగతి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. నీట్‌కు 25 ఏళ్ళు, రిజర్వేషను వర్గాలకు 30 ఏళ్ళు దాటరాదని 2018 జనవరిలో నిబంధన తెచ్చారు. ఆ మేలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు మధ్యంతరంగా పరీక్ష రాయనిచ్చింది. చివరకు గీత చెరిపింది మాత్రం వైద్య కమిషనే, 2022 మార్చిలో. పై గీత చెరిగింది, కింది గీత మిగిలింది.

అన్ని దేశాల్లోనూ ఇంతే అనుకోనక్కరలేదు. వేలూరులో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వెళ్ళిన అంబటి బాలమురళి 1995లో న్యూయార్కులో వైద్య పట్టా పుచ్చుకునేనాటికి వయసు 17. ఇక్కడ చేరడానికి కావలసిన వయసుకు అక్కడ చదువే అయిపోయింది!

అటువంటివారు కోటికొకరు. మన పల్లెల్లో చిక్కుకునేవారు వేరు. లెక్క వేయండి. జూన్‌లో అయిదేళ్ళు నిండి ఒకటో తరగతిలో చేరిన బిడ్డకు ఇంటర్ ముగిసే మార్చి నాటికి 16 ఏళ్ళ 9 నెలలు, ఆ డిసెంబరు ఆఖరుకు పదిహేడున్నర. ఏ బాధా లేదు. నాలుగున్నరైనా నిండకుండా చేర్చినవారికీ, మధ్యలో ఒక తరగతి ఎగరవేయించినవారికీ వస్తుంది చిక్కు. రెండున్నరేళ్ళకే నర్సరీ అంటూ బస్సెక్కించే ప్రైవేటు బడుల దగ్గర ఈ మాట ఎవరూ చెప్పరు.

పూర్వం పంతులుగారు పిల్లవాణ్ణి చూసి, అంచనాగా జూన్‌లో ఏదో తేదీ రాసేవారు. చేర్చుకోవడానికి వయసు చాలకపోతే ఆర్నెల్లు కలిపేవారు. ఆ వెసులుబాటు ఇక ఉండదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేర్చడానికైనా, వయసు రుజువుకైనా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం సవరించారు. ఆ పిల్లలు ఒకటో తరగతికి వచ్చేది 2028, 2029 ప్రాంతంలో.